గెలాక్సీ డ్రెస్సుకి గుడ్డ ఎక్కడ దొరుకుతుంది?

ఈ నెల మాకొచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా సైన్స్ ఫిక్షన్ సినిమా డ్రెస్సుల గురించే. కామిక్స్, సినిమా పాత్రల వేషాల్లో అభిమానులు కలిసే హైదరాబాద్ కామిక్ కాన్‌కి వేసుకెళ్లాలని కొందరు, షార్ట్ ఫిల్మ్ తీస్తున్నామని కొందరు, బడిలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉందని పిల్లలు ప్రాణం తోడేస్తుంటే రాసిన అమ్మలు కొందరు. బ్లౌజు డిజైన్ల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీ వంతు వచ్చే సంచికలో.

ప్రశ్న: స్టార్ వార్స్ మొదటి సినిమాలో ముసలి గురువు ఓబీ-వాన్ వేసుకున్న డ్రెస్ నాకు కావాలి. తల మీదకి ముసుగు వచ్చే గోధుమరంగు పొడుగు అంగీ, లోపల మీగడ రంగు చొక్కా. రెడీమేడ్‌ది ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఉల్లిపొరలా పల్చగా, పైగా తళతళ మెరుస్తూ వచ్చింది, వెనక్కి పంపేశాను. కుట్టిద్దామంటే కొట్టులో ఏ గుడ్డ అడగాలి, ఎన్ని మీటర్లు కొనాలి? నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు.
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: వెనక్కి పంపి మంచి పని చేశారు. ఆ వేషానికి అసలు ప్రాణం గుడ్డ బరువులోనే ఉంది. అది సన్యాసి కట్టూబొట్టూ ఉన్న మనిషి అంగీ, భుజం మీంచి నేల దాకా బరువుగా జారాలి, నడిస్తే కొంచెం ఆలస్యంగా వెంట రావాలి. పల్చటి పాలిస్టర్ ఫ్యాన్ గాలికే ఎగురుతుంది, ఫోన్ ఫ్లాష్ పడితే మెరుస్తుంది, ఫొటోలో పట్టుబడిపోతుంది.

సినిమాలో వాడింది ఉన్ని. ఆ అంగీ కథ కూడా తమాషాగా ఉంటుంది. షూటింగ్ అయ్యాక అది లండన్‌లో డ్రెస్సులు అద్దెకిచ్చే సంస్థ సరుకులో కలిసిపోయి, చాలా ఏళ్ల తర్వాత బయటపడి, 2007లో వేలానికొచ్చి 54 వేల పౌండ్లకి పోయింది. మన ఎండలకి ఉన్ని పెట్టుకోలేం కనుక ఉన్నిలా కనిపించే నూలు వెతకాలి. దానికి బట్టల కొట్టులో షర్టింగ్ వైపు కాదు, కర్టెన్లూ సోఫా కవర్లూ అమ్మే వైపు వెళ్లండి. జనపనార నేతలా గరుగ్గా, దారం అక్కడక్కడ లావుగా కనిపించే మందపాటి కర్టెన్ గుడ్డ ఉంటుంది, మెరుపు లేనిది, మట్టి రంగుల్లో దండిగా దొరుకుతుంది. చాలావరకు పెద్ద పన్నాలోనే వస్తుంది కాబట్టి అతుకులు తగ్గుతాయి. మీ ఎత్తుకి ముసుగూ వెడల్పు చేతులూ కలిపి 58 అంగుళాల పన్నా అయితే 5 నుంచి 6 మీటర్లు, 44 అంగుళాలది అయితే 7 నుంచి 8 మీటర్లు పడుతుంది. కొనేముందు టైలర్‌ని ఒకసారి అడగండి, చేతుల వెడల్పు దగ్గరే లెక్కలు తేడా వస్తాయి.

లోపలి చొక్కాకి మీరు దూరం పోనక్కర్లేదు, మంగళగిరి పక్కనే ఉంది. అంచు లేని సాదా మంగళగిరి నూలు, లేదా ఖాదీ భండార్‌లో దొరికే కోరా ఖాదీ, ఈ రెండిట్లో ఏదైనా 3 మీటర్లు తీసుకోండి. భుజాల మీంచి ముందూ వెనకా వేలాడే పట్టీలకీ నడుముకి చుట్టే గుడ్డకీ అదే రంగులో ఇంకో 2 మీటర్లు. తెల్లటి తెలుపు మాత్రం వద్దు, హాలు లైట్ల కింద ఆసుపత్రి కంపౌండర్‌లా ఉంటారు. కోరా రంగే సరిగ్గా సరిపోతుంది. గుడ్డ తెచ్చిన రోజే రాత్రంతా నీళ్లలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు టైలర్‌కి ఇవ్వండి. చేనేత గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, కుట్టాక ముడుచుకుంటే చేతులు మోచేతి దాకా పోతాయి. కర్టెన్ గుడ్డ నూలుదైతే దానికీ ఇదే పద్ధతి.

షాపులో ఎలా చూడాలంటే, తాను నుంచి ఒక మీటరు విప్పించి భుజం మీద వేసుకోండి, అద్దంలో కాదు, ఫోన్‌లో ఫ్లాష్‌తో ఒకటి, ఫ్లాష్ లేకుండా ఒకటి ఫొటో తీయించుకోండి. మెరుపు ఉంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత గుప్పిట్లో గట్టిగా నలిపి వదలండి. ఈ అంగీ కాస్త నలిగి కనిపించినా అందమే కానీ, లోతుగా గీతలు పడి అలాగే ఉండిపోతే వద్దు. ‘ప్యూర్ కాటన్ సార్’ అన్నమాట నమ్మాలో లేదో తెలియకపోతే అంచు నుంచి ఒక దారం లాక్కుని షాపు బయటికొచ్చి కాల్చి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది, ఉన్నీ పట్టూ అయితే వెంట్రుక కాలిన వాసన, పాలిస్టర్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకడుతుంది. రంగు అద్దించే ఆలోచన ఉంటే ఈ పరీక్ష తప్పదు, ఎందుకంటే చీరల మ్యాచింగ్ సెంటర్ల పక్కన రంగులేసేవాళ్లు వాడే మామూలు రంగు పాలిస్టర్‌కి పట్టదు. దానికి వేరే రంగు, బాగా ఎక్కువ వేడి కావాలి, ఇంట్లో అయ్యే పని కాదు.

విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత మార్కెట్ మీకు గంట దూరం కూడా ఉండదు. హోల్‌సేల్ కొట్లు కాబట్టి కొందరు చిన్న ముక్క కొయ్యరు, కట్ పీస్‌లు అమ్మేవాళ్లని అడిగి వెళ్లండి. ఇక కొందరు మిత్రులు గొంగడి వాడొచ్చా అని అడుగుతుంటారు. దక్కని గొర్రె ఉన్నితో కురుమలు నేసే నల్ల గొంగడి చూడ్డానికి ఈ వేషానికి అద్భుతంగా ఉంటుంది, వానకి తడవదు కూడా. కానీ ఒంటికి గుచ్చుకుంటుంది, బరువు, పైగా అంత కష్టపడి నేసినదాన్ని కత్తెరేసి ముక్కలు చేయడం నాకైతే మనసొప్పదు. కత్తిరించకుండా భుజాల మీద కప్పుకుని ఫొటో దిగండి, చాలు.

ఓబీ-వాన్ చేతిలో పట్టుకునే లైట్ కత్తి (లైట్‌సేబర్) పిడి కోసం కూడా ఆన్‌లైన్‌లో డబ్బు తగలేయకండి. ఆ సినిమాలో హీరో లూక్ కత్తి పిడి పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ హ్యాండిల్, లండన్‌లో ఒక ఫొటో సామాన్ల షాపులో దొరికింది, దానికి రబ్బరు పట్టీలు అంటించారు, అంతే. ఓబీ-వాన్ పిడిలో ఒక జెట్ ఇంజిన్ పైపు ముక్క, పాత గ్రెనేడ్ భాగం, ఒక నీళ్ల కొళాయి తిప్పే చక్రం ఉన్నాయి. మీరూ శానిటరీ షాపుకి వెళ్లి కొళాయి పిడులు, స్టీలు పైపు ముక్కలు, రబ్బరు వాషర్లు ముందేసుకుని కూర్చోండి. షాపాయన వింతగా చూస్తాడు, చూడనీయండి. కాకపోతే ఇలాంటి వేడుకల్లో లోహపు వస్తువుల్ని లోపలికి రానివ్వకపోవచ్చు, నిర్వాహకుల నియమాలు ముందే చదువుకుని అవసరమైతే పీవీసీ పైపుకి వెండి రంగు వేసుకోండి.

ప్రశ్న: కవచం చేద్దామని థర్మాకోల్ షీట్లు తెచ్చి కోసి, వడ్రంగి మామయ్య దగ్గరున్న పసుపు జిగురు రాస్తే థర్మాకోల్ మొత్తం గుంటలు పడి కరిగిపోయింది. మిగిలిన ముక్కకి స్ప్రే పెయింట్ కొడితే అదీ అంతే. వేరే ఏం వాడాలి?
– ఇంటర్ రెండో సంవత్సరం, గాజువాక

జవాబు: తమ్ముడూ, తప్పు నీది కాదు, రసాయనాలది. సన్‌మైకా అంటించే ఆ పసుపు జిగురులోనూ స్ప్రే డబ్బాలోనూ ఉండే ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది. థర్మాకోల్‌కి మామూలు తెల్ల ఫెవికాల్, నీళ్లలో కలిసే రంగులు మాత్రమే పనికొస్తాయి. అయినా వేసుకుని తిరిగే కవచానికి అది వద్దు, ఒక్కసారి ఎవరైనా భుజం తగిలితే పెళుక్కున విరుగుతుంది.

నీకు కావలసింది ఈవీఏ ఫోమ్. పేరు కొత్తగా ఉన్నా వస్తువు నీ కాలి కిందే ఉంటుంది, స్పోర్ట్స్ చెప్పుల అడుగుల్లో వాడేది అదే. చెప్పుల తయారీ సామాన్లు అమ్మే కొట్లలో షీట్లుగా దొరుకుతుంది. జిమ్ముల్లో, పిల్లల గదుల్లో పళ్లు పళ్లుగా ఒకదానికొకటి ఇరికించి నేల మీద పరిచే చాపలు కూడా చాలావరకు అదే. వాటి ఒకవైపు గరుకు డిజైను ఉంటుంది, ఆ వైపు లోపలికి పెట్టెయ్. ఛాతీ, భుజాల భాగాలకి 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, చేతులకి 5 లేదా 6, పైన అంటించే గీతలకీ బొడిపెలకీ 2 సరిపోతుంది. కొనేటప్పుడు బొటనవేలి గోరుతో నొక్కి చూడు, గుంట వెంటనే పైకి లేస్తే మంచి సరుకు, అలాగే ఉండిపోతే మెత్తది, మూలలు నిలబడవు. యోగా మ్యాట్‌తో సరిపెడదామనుకోకు. వాటిలో చాలా పీవీసీవి, వేడి చేస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు.

పని వరస చెప్తాను. ముందు న్యూస్‌పేపర్‌తో నీ ఒంటి మీదే కవచం ఆకారం కట్టి, టేపు వేసి, గీతలు గీసి, విప్పి ముక్కలుగా కత్తిరించు. అవే నీ నమూనాలు. ఫోమ్‌ని కొత్త కట్టర్ బ్లేడుతో ఒకే గీటులో కొయ్యాలి, మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ని చింపుతుంది, అందుకే బ్లేడు కొసని మాటిమాటికీ విరిచి కొత్త అంచు తెచ్చుకో. తర్వాత హీట్ గన్. కార్లకి స్టిక్కర్లు అంటించేవాళ్ల దగ్గరా ఫ్లెక్సీ షాపుల్లోనూ ఉంటుంది, పరిచయం ఉంటే వాళ్ల షాపులోనే కూర్చుని చేసుకో. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వేడి దీనికి చాలదు. ఫోమ్ పైభాగం కొంచెం నిగనిగలాడగానే వేడి ఆపి, మోకాలి మీదో కుండ మీదో వంచి చల్లారేదాకా పట్టుకో, ఆ వంపు అలాగే నిలుస్తుంది.

అంటించడానికి నీ థర్మాకోల్‌ని కరిగించిన ఆ పసుపు జిగురే ఇక్కడ రాజు, ఫెవికాల్ ఎస్‌ఆర్ రకం. రెండు అంచులకీ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనప్పుడు కలిపి నొక్కాలి. తడిగా ఉన్నప్పుడు కలిపితే జారిపోతుంది, చాలామంది అక్కడే తొందరపడతారు. కలిపాక మళ్లీ ఊడదు కాబట్టి ఒక కొస నుంచి కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పో. మేడ మీద చెయ్, తలుపులేసిన గదిలో వద్దు, ఆ వాసనకి తల తిరుగుతుంది. రంగు వేసేముందు తెల్ల ఫెవికాల్‌లో నీళ్లు కలిపి మూడు నాలుగు పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకొకటి, లేకపోతే ఫోమ్ రంగంతా పీల్చేస్తుంది. మొదట నలుపు వెయ్, తర్వాత బ్రష్‌కి వెండి రంగు అద్ది, పాత గుడ్డకి తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌ని అంచుల మీద మాత్రమే రుద్దు. నలుపు లోతుల్లో ఉండిపోయి అంచుల్లో లోహం అరిగినట్టు కనిపిస్తుంది. మొత్తం వెండి రంగు పూసేస్తే వంటింటి డబ్బాలా ఉంటుంది.

హెల్మెట్ కోసం ఎవరైనా స్నేహితుడి దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంటే సంతోషమే. కానీ ఎక్కువమంది వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో విశాఖలో ఎండలో నిలిపిన కారులో వదిలేసి సినిమాకి వెళ్లావంటే తిరిగొచ్చేసరికి వంకర పోతుంది. బండి హెల్మెట్ వాడితే పాతదే వాడు. ఒకసారి కోసి రంధ్రాలు పెట్టినదాన్ని మళ్లీ బండి మీద పెట్టుకోవద్దు.

ప్రశ్న: నేను లేడీస్ టైలర్‌ని. ఒక అబ్బాయి సూపర్ హీరో లాంటి సూట్ కుట్టమని లైక్రా, మధ్య మధ్యలో ప్యాచ్‌లకి రెక్సిన్ తెచ్చిచ్చాడు. లైక్రా మీద కుట్లు తప్పిపోతున్నాయి, రెక్సిన్ మీద ఫుట్టు అతుక్కుపోయి ముందుకి కదలట్లేదు. అడ్వాన్సు తీసుకున్నాను, వెనక్కి ఇవ్వాలంటే మొహమాటం. ఏం చెయ్యాలి?
– టైలర్, జగిత్యాల

జవాబు: మాస్టర్ గారూ, అడ్వాన్సు వెనక్కి ఇవ్వక్కర్లేదు, సూదులు మార్చండి చాలు. బ్లౌజులకి వాడే సూది మొన లైక్రా దారాన్ని గుచ్చి తెంపుతుంది, అందుకే కుట్టు తప్పుతోంది. మెషిన్ స్పేర్ పార్ట్స్ షాపులో బాల్ పాయింట్ సూది అడగండి, 11 నంబరుది. మొన గుండ్రంగా ఉండి దారాల మధ్యలోంచి దారి చేసుకుని పోతుంది. దారం నూలు కాదు, పాలిస్టర్. మీ మెషిన్‌లో జిగ్‌జాగ్ ఉంటే సన్న జిగ్‌జాగ్ పెట్టండి. సింగిల్ కుట్టు మెషిన్ అయితే కుడుతున్నంతసేపూ గుడ్డని ముందూ వెనకా చేత్తో కొద్దిగా సాగదీసి పట్టుకోండి, లేదంటే అతను మొదటిసారి కూర్చోగానే కుట్టు పటుక్కుమంటుంది. ఇంకా మంచి దారి, ముక్కలు మీరు కత్తిరించి పెద్ద కుట్లు మాత్రం లెగ్గింగులు కుట్టే యూనిట్‌లో ఓవర్‌లాక్ చేయించుకోవడం, వాళ్లకి పావుగంట పని.

కత్తిరించేటప్పుడు గుడ్డ ఎక్కువ సాగే వైపు ఒంటి చుట్టూ వచ్చేలా పెట్టండి. లైక్రా కొన్ని ఒకవైపే సాగుతాయి, కొన్ని రెండువైపులా. సూట్ మెడ నుంచి కాళ్ల దాకా ఒకటే ముక్క అయితే రెండువైపులా సాగేదే కావాలి. ఒకవైపు సాగేది తెచ్చాడనుకోండి, చెయ్యెత్తినప్పుడల్లా కింద పట్టేస్తుంది, ఇప్పుడే చెప్పి మార్పించండి. ముందు పాత బనీను గుడ్డతో ఒకటి కుట్టి అతనికి తొడిగి చూస్తే అసలు గుడ్డ పాడవదు.

రెక్సిన్‌కి 16 నంబరు లెదర్ సూది, కుట్టు పొడవు 4 దగ్గర పెట్టండి. కుట్టు చిన్నగా పడితే రంధ్రాలు దగ్గర దగ్గరగా పడి స్టాంపుల కాగితంలా చిరిగిపోతుంది. ఒకసారి సూది దిగిన రంధ్రం మళ్లీ పూడదు, విప్పి కుట్టడానికి లేదు, గుండు పిన్నులు కూడా వద్దు, బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోండి. ఫుట్టు అతుక్కోకుండా టెఫ్లాన్ ఫుట్టు దొరికితే తెచ్చుకోండి, దొరక్కపోతే రెక్సిన్ మీద న్యూస్‌పేపర్ పట్టీ పెట్టి దానిమీదే కుట్టి, తర్వాత చింపేయండి. ఫుట్టు ఒత్తిడి స్క్రూ కూడా కొంచెం వదులు చేయండి. ఇంకోటి, రెక్సిన్ ప్యాచ్ మోకాలి మీదా మోచేతి మీదా వేయమంటే ఒప్పుకోకండి, అది సాగదు, కింద లైక్రా సాగుతుంది, రెండూ కొట్లాడుకుంటాయి. కూలీ మామూలు డ్రెస్ లెక్కన తీసుకోకండి. ఇది రెండు రెట్లు పని, అతనికీ తెలియాలి.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. సినిమాలో చూపించిన వ్యోమగామి డ్రెస్ కావాలట, పోటీ సోమవారం. డ్రెస్ అద్దెకిచ్చేవాళ్ల దగ్గర అతని సైజు లేదు. ఎక్కువ ఖర్చు పెట్టలేను.
– గృహిణి, ఖమ్మం

జవాబు: అమ్మా, టెన్షన్ పడకండి. శనివారం వేసుకునే తెల్ల యూనిఫామ్ ఉందా? తెల్ల ఫుల్ ప్యాంటు, తెల్ల కాన్వాస్ బూట్లు ఉంటే సగం అయిపోయినట్టే. పైన నాన్నగారి తెల్ల ఫుల్ చేతుల చొక్కా తొడిగి, మణికట్ల దగ్గర, మోచేతుల దగ్గర, నడుముకి బూడిద రంగు టేపు చుట్టండి. టేపు గుడ్డ మీదే, చర్మానికి వద్దు. వీపుకి అట్టపెట్టె, దాని మీద రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు తిరగేసి అంటించి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. ప్లంబింగ్ షాపులో వాషింగ్ మెషిన్ నీళ్లు పోయే ముడతల పైపు కొని ఛాతీకీ వీపుకీ కలిపేస్తే చూసినవాళ్లు అదే ముందు గమనిస్తారు. ముఖం మూసే గిన్నె లాంటిదేదీ పెట్టకండి, చిన్నపిల్లవాడు, ఊపిరాడాలి.

జడ్జీలు ‘తెలుపే ఎందుకు’ అని అడిగితే చెప్పడానికి ఒక మాట నేర్పించండి. అంతరిక్షంలో బయటికొచ్చి నడిచేటప్పుడు ఎండ వేడిని వెనక్కి కొట్టడానికి తెలుపు, అమెరికా స్పేస్ షటిల్‌లో నింగికి ఎగిరేటప్పుడూ తిరిగి దిగేటప్పుడూ 1988 నుంచి, 2011లో షటిల్ ఆగిపోయేదాకా నారింజ రంగు, ప్రమాదం జరిగితే వెతికేవాళ్లకి సముద్రంలో కూడా కనిపించాలని. పక్కన మన జెండా బొమ్మ కుడితే 1984లో వెళ్లిన రాకేశ్ శర్మ అని కూడా చెప్పుకోవచ్చు.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్‌లో భవిష్యత్ సైన్యం ఉంది, ఆరుగురికి ఒకేలాంటి యూనిఫామ్ కావాలి. వెండి రంగు మెరుపు గుడ్డ అనుకుంటున్నాం. గ్రీన్ స్క్రీన్ షాట్లు (వెనక పచ్చ తెర పెట్టి తీసి, ఎడిటింగ్‌లో దాని బదులు వేరే దృశ్యం పెట్టేవి) కూడా ఉన్నాయి.
– ఇంజినీరింగ్ మిత్రబృందం, హన్మకొండ

జవాబు: వెండి మెరుపు మానేయండి బాబూ. అది డ్యాన్స్ ప్రోగ్రాం డ్రెస్‌లా ఉంటుంది, పైగా గ్రీన్ స్క్రీన్ ముందు నిలబడితే ఆ పచ్చదనమంతా మెరుపులో ప్రతిబింబించి, ఎడిటింగ్‌లో స్క్రీన్ తీసేసినప్పుడు మీ సైనికుల పొట్టలూ ఎగిరిపోతాయి. ఆకుపచ్చ, ఆలివ్ రంగులు కూడా అందుకే వద్దు. బాగా సన్న గీతలూ సన్న గళ్లూ కెమెరాలో అలలు అలలుగా కదిలినట్టు కనిపిస్తాయి, వాటినీ వదిలెయ్యండి.

నా సలహా బాయిలర్ సూట్లు. ఫ్యాక్టరీ కార్మికులు వేసుకునే, కాలరు నుంచి కాళ్ల దాకా ఒకటే ముక్కగా ఉండే డ్రెస్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ బూట్లూ హెల్మెట్లూ అమ్మే కొట్లలో ముదురు నీలం, బూడిద రంగుల్లో దొరుకుతాయి, సైజులూ ఉంటాయి. ఆరుగురికీ కుట్టించే ఖర్చుతో పోలిస్తే చవక. బడి బ్యాగులు బాగుచేసేవాళ్ల దగ్గర నివారు పట్టీలు, ప్లాస్టిక్ బకిల్స్ కొని భుజాలకీ తొడలకీ కట్టండి. ఆటోలకీ బస్సులకీ సీట్లు కుట్టేవాళ్లని అడిగితే రెక్సిన్ తుంపులు కిలోల లెక్కన ఇస్తారు, భుజాల ప్యాచ్‌లకి అవి చాలు. ఒకవేళ గుడ్డ కొనే కుట్టిద్దామనుకుంటే మాత్రం ఆరుగురికీ సరిపడా ఒకే తానులోంచి, ఒకేసారి కొనండి. వారం తర్వాత అదే షాపులో అదే నంబరు గుడ్డ కొన్నా రంగు కొంచెం తేడా ఉంటుంది, కంటికి తెలియదు కానీ కెమెరాకి తెలుస్తుంది.

కొత్త డ్రెస్ కొత్తగా కనిపించడమే మన షార్ట్ ఫిల్ముల్లో పెద్ద జబ్బు. స్టార్ వార్స్ మొదటి సినిమాకి దుస్తులు చేసి ఆస్కార్ తీసుకున్న జాన్ మొల్లో అసలు సైనిక యూనిఫామ్‌ల చరిత్ర చదివిన మనిషి. ఆ డ్రెస్సులు ఎవరో నిజంగా ఉద్యోగానికి వేసుకెళ్లినట్టు ఉండటానికి అదో కారణం. మీరూ బాయిలర్ సూట్లని రెండు మూడుసార్లు ఉతికి, మోకాళ్లూ మోచేతులూ జేబు అంచులూ ఉప్పుకాగితంతో రుద్దండి, నల్ల రంగులో బాగా నీళ్లు కలిపి చంకల కింద, నడుము దగ్గర, కాళ్ల అంచుల్లో అద్దండి. మట్టి ఎక్కడ నిజంగా అంటుతుందో అక్కడే పడాలి, ఛాతీ మధ్యలో చల్లితే హోలీ ఆడొచ్చినట్టుంటుంది. తుపాకుల్లాంటి సామాన్ల కోసం తుక్కు కొట్టు మీద పడండి. తెనాలి శిల్పులు ఇనప తుక్కుతోనే నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు, మీకు ఒక మిక్సీ మోటారూ రెండు స్కూటర్ పార్టులూ దొరకవా? ఆ సామాన్లతో రోడ్డు మీద షూట్ చేసేముందు మాత్రం దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పండి.

ప్రశ్న: ఇక్కడ గుడ్డలూ కుట్టు సామాన్లూ అమ్మే జోఆన్ షాపులన్నీ మూసేశారు. హాలోవీన్‌కి మా అమ్మాయికి గ్రహాంతర రాణి డ్రెస్ కుట్టాలి. ఇండియా నుంచి ఏం తెప్పించుకోవచ్చు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, న్యూజెర్సీ

జవాబు: అవును, 2025లో జోఆన్ మొత్తం మూతపడ్డాక మీలాంటి చాలామందికి ఇబ్బందే అయింది. అయినా మీకు న్యూయార్క్ గార్మెంట్ డిస్ట్రిక్ట్ దగ్గరే కదా, తిరిగే ఓపిక ఉండాలి గానీ అక్కడ దొరకని గుడ్డ ఉండదు. ఇంకా చవక కావాలంటే పాత సామాన్ల థ్రిఫ్ట్ షాపుల్లో కర్టెన్లూ బెడ్‌షీట్లూ పెళ్లి గౌన్లూ చూడండి, గౌను ఒక్కటి విప్పితే మీటర్ల కొద్దీ శాటినూ నెట్టూ వస్తుంది. ఇండియా నుంచి తెప్పించుకోదగ్గది టిష్యూ గుడ్డ, జరీ లేసులు, మగ్గం వర్కుకి వాడే రాళ్లు. తేలిక కాబట్టి వచ్చేవాళ్ల సూట్‌కేసులో పట్టేస్తాయి. టిష్యూని పొరలు పొరలుగా, కింద నల్ల అస్తరు వేసి కుట్టండి, తెల్ల అస్తరు వేస్తే పెళ్లికూతురు, నలుపు వేస్తే గ్రహాంతర రాణి.

ప్రశ్న: ఛాతీ మీద, హెల్మెట్‌లో లైట్లు వెలగాలి. ఏ లైట్లు, ఏ బ్యాటరీ? రైల్లో ఇవన్నీ హైదరాబాద్ ఎలా తేవాలి?
– పాలిటెక్నిక్ విద్యార్థి, నెల్లూరు

జవాబు: 5 వోల్టుల యూఎస్‌బీ ఎల్ఈడీ స్ట్రిప్ తీసుకోండి, పవర్ బ్యాంక్‌తో నేరుగా వెలుగుతుంది. టీవీ వెనక అంటించేవి అవే. పన్నెండు వోల్టులవి వాడితే వేరే బ్యాటరీల గోల. స్ట్రిప్‌ని గుర్తు ఉన్న చోటే కత్తిరించాలి, మధ్యలో కోస్తే ఆ భాగం వెలగదు. లైట్లు మరీ తక్కువ పెడితే కొన్ని పవర్ బ్యాంకులు ఏదీ కనెక్ట్ కాలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి, ముందే అరగంట వెలిగించి చూసుకోండి. చుక్కలు చుక్కలుగా కనిపించకూడదంటే పైన పాల రంగు ప్లాస్టిక్ పెట్టండి, స్వీట్ డబ్బా మూత కూడా చాలు. పవర్ బ్యాంక్‌ని ఒంటికి ఆనించి కట్టకండి, చెమట తగులుతుంది, కవచం బయట వీపు వైపు చిన్న సంచీ కుట్టుకుని అందులో పెట్టండి. హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టకుండా, అదే పవర్ బ్యాంక్‌కి ఒక చిన్న 5 వోల్టుల ఫ్యాన్ తగిలించి గాలి పైకి పోయేలా పెట్టుకోండి.

రైలుకి, కవచం భాగాల్ని ఒకదానిలో ఒకటి గిన్నెల వరసలో పేర్చి, మధ్యలో పాత దుప్పట్లు పెట్టి అట్టపెట్టెలో సర్దండి. హెల్మెట్ చేతిలో. పెట్టె సీటు కింద పట్టేలా ముందే కొలుచుకుని అంత సైజులోనే ముక్కలు విడిపోయేట్టు చేసుకోండి, భుజాల దగ్గర వెల్క్రో పెడితే సరిపోతుంది. జిగురు డబ్బా, స్ప్రే డబ్బాలు రైల్లో తేవద్దు, మండే సరుకు. దార్లో ఏదైనా ఊడితే అతికించుకోవడానికి టేపూ, సూదీ దారం, నాలుగు పిన్నీసులూ జేబులో పెట్టుకోండి.